బోర్డు మీద పేరుంటే చాలదు, దస్తావేజులో ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

చిన్న కొట్టుతో మొదలై నాలుగైదు బ్రాంచీలకు ఎదిగిన కుటుంబాల గురించి పత్రికల్లో తరచూ వస్తుంటుంది. మాదీ అలాంటి కొట్టే కాబట్టి అవి వదలకుండా చదువుతాను. ఆ కథనాల్లో తండ్రి ఉంటాడు, కొడుకు ఉంటాడు, ఇప్పుడు ఎంబీఏ చదివొచ్చిన మనవడు ఉంటాడు. ఇంటి ఆడవాళ్లు మాత్రం ఫొటోలో చివర నిలబడి ఉంటారు. ఈ ఉత్తరం వాళ్ల గురించే.

మాది పాలకొల్లు. మా మామయ్యగారు 1980ల్లో చెక్క తలుపుల కిరాణా కొట్టు పెట్టారు. బెల్లం, ఉల్లిపాయలు తాడేపల్లిగూడెం నుంచి, ఎండుమిర్చి గుంటూరు నుంచి వచ్చేవి. ఆయన కాటా దగ్గర కూర్చుంటే, పప్పులు చెరగడం, రాళ్లు ఏరడం, పొట్లాలు కట్టడం అన్నీ ఇంట్లో మా అత్తయ్య చేతి మీదే జరిగేవి. మా దగ్గర రైతు కుటుంబాలకు సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్ముడుపోయే దాకానో, దాళ్వా (రబీ) అయ్యే దాకానో అరువివ్వక తప్పదు. ఎవరికి ఎంతవరకు ఇవ్వచ్చో ఆవిడకే తెలిసేది. ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరు చేను కౌలుకిచ్చేశారు, ఎవరబ్బాయికి ఉద్యోగం వచ్చింది అన్నీ విని ఆవిడ చెబితేనే మామయ్యగారు పద్దు రాసేవారు. ఇప్పుడు బ్యాంకులు క్రెడిట్ స్కోరని చూస్తున్నది ఇంచుమించు ఇదే. కొట్టు మునిగిపోకుండా నిలబడింది ఆ అంచనాల వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను. బోర్డు మీద కూడా ఆవిడ పేరే పెట్టారు.

నేను కోడలిగా వచ్చాక, సరుకును ఆడవాళ్లు చేత్తో పట్టుకుని చూసుకునేలా ఉండాలని పట్టుబట్టాను. మావారు పక్క వాటా కూడా అద్దెకు తీసుకుని ర్యాకులు వేయించారు, తర్వాత బార్‌కోడ్ మెషిన్ వచ్చింది. అత్తయ్య చేసే కందిపొడి, కూరకారం ప్యాకెట్లు కట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. సంక్రాంతికి అరిసెల కోసం ఆర్డరు మీద తడి బియ్యప్పిండి పట్టించి ఇవ్వడం మొదలుపెట్టాక, పెద్ద సూపర్ మార్కెట్లకు వెళ్లేవాళ్లు కూడా ఆ నెలలో మా దగ్గరికి వస్తున్నారు. వచ్చినవాళ్లు బెల్లం, నువ్వులు, నెయ్యి కూడా తీసుకుంటారు. కుటుంబ వ్యాపారమంటే నాకు తెలిసింది ఇదే. ఇంట్లో బాగా చేతనైన పనిని కౌంటరు దాకా తీసుకురావడం.

2021లో కరోనా రెండో విడతలో మావారు పోయారు. జీఎస్టీ, ట్రేడ్ లైసెన్సు, కరెంట్ ఖాతా, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు అన్నీ ప్రొప్రైటరుగా, అంటే ఏకైక యజమానిగా, ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేశారు. కౌంటరు మీది క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే కనుక ఫోన్ చెల్లింపులు ఆగిపోయాయి. తహసీల్దారు కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఏళ్ల తరబడి నా చేతి నుంచే చెక్కులు తీసుకెళ్లిన డిస్ట్రిబ్యూటర్ల మనుషులు, 'అమ్మా, కొత్త జీఎస్టీ నంబరు వచ్చాక బిల్లు వేస్తాం' అన్నారు. వాళ్లను తప్పుపట్టను, రూల్ అలా ఉంది. ప్రొప్రైటరు చనిపోతే జీఎస్టీ నంబరు వారసులకు రాదు. వారసులు కొత్తది తీసుకోవాలి, పాత దానిలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను జమను) ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. అది కూడా పాత నంబరు రద్దు కాకముందే చేసుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఇదంతా ఎవరు చెబుతారు?

ఇప్పుడు మాది భాగస్వామ్య సంస్థ. అత్తయ్య, నేను, మా అమ్మాయి భాగస్వాములం. ఇద్దరే ఉంటే ఒకరు పోగానే భాగస్వామ్యం ఆగిపోతుందని, ముగ్గురుండి, 'ఒకరు మరణించినా సంస్థ కొనసాగుతుంది' అని దస్తావేజులో రాయించుకుంటే పాన్, జీఎస్టీ నంబర్లు నిలుస్తాయని ఆడిటర్ గారు చెప్పారు. పనిచేసే భాగస్వామికి జీతం ఇవ్వచ్చు, ఆదాయపు పన్ను చట్టంలోని పరిమితి మేరకు దాన్ని ఖర్చుగా చూపించుకోవచ్చు. అలా మా అత్తయ్య డెబ్బై దాటాక మొదటిసారి కొట్టు నుంచి జీతం తీసుకున్నారు. మా ఇంట్లో ఆ నెల అదే పెద్ద పండగ.

భాగస్వామ్య సంస్థ లాభం మీద పన్ను 30 శాతం, చిన్న కొట్టుకు అది భారమని కొందరంటారు. నిజమే, మరీ చిన్న కొట్లకు అది కలిసిరాకపోవచ్చు. అలాంటివాళ్లు కనీసం కరెంట్ ఖాతాకు నామినీనైనా పెట్టుకోవాలి. ప్రొప్రైటరు ఖాతాకు కూడా నామినేషన్ ఉంటుందని మా బజారులో చాలామందికి తెలియదు. ఇక, 'కోడళ్ల పేర్లు పెడితే రేపు వాటాలు అడుగుతారు' అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. కొట్లు విడిపోయిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. విడిపోయింది అన్నదమ్ములు, అదీ కాగితం సరిగా లేకే.

పెద్ద వ్యాపారాలను చూడండి. 2005లో హైదరాబాద్‌లో చీరల దుకాణంగా మొదలై 2023 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్‌కు వచ్చిన కళామందిర్ ప్రమోటర్లలో (సంస్థను పెట్టి నడిపించేవాళ్లలో) చలవాది ప్రసాద్ గారితో పాటు ఆయన భార్య ఝాన్సీరాణి గారి పేరు కూడా ఉంది. అంత పెద్ద సంస్థకు పనికొచ్చిన పద్ధతి మన కిరాణా కొట్టుకు పనికిరాదా?

మీ వ్యాపార పేజీలో ఆడిటర్లతో భాగస్వామ్య దస్తావేజు, నామినేషన్, జీఎస్టీ వారసత్వం గురించి తేలిక తెలుగులో రాయించండి. పాలకొల్లు చాంబర్ వాళ్లు, మా కిరాణా సంఘం వాళ్లు సభ్యత్వం రెన్యువల్ చేసేటప్పుడు 'మీ ఇంటి ఆడవాళ్ల పేరు ఏ కాగితంలో ఉంది?' అని ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది. మా దస్తావేజు నమూనా ఎవరైనా చూస్తామంటే, మధ్యాహ్నం బేరాలు తక్కువగా ఉండే వేళకు కొట్టుకు రండి, నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా