అవతలివాడి చెయ్యి నేలకి తగిలిందా?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒహాయోలో శుక్రవారం రాత్రుళ్లు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) మ్యాచ్‌లకి అఫీషియల్‌గా, అంటే రిఫరీల బృందంలో పనిచేస్తుంటాను. పోయిన వారం ఒక మ్యాచ్ అయ్యాక మన తెలుగు ఆయన ఒకరు కంచె దగ్గరికొచ్చి, "ప్రతి ఆదివారం టీవీలో చూస్తున్నాం కదండీ, ఆ ఆటగాళ్లు ఎదుటివాడి మీదుగా దూకితే చప్పట్లు, మావాడు దూకితే ఫ్లాగా?" అని అడిగారు. ఫ్లాగ్ అంటే తప్పు జరిగిందని చెప్పడానికి మేం విసిరే పసుపు గుడ్డ. ఆట అవగానే మేం మైదానం వదిలి వెళ్లిపోవాలి, అందుకే నిలబడి చెప్పలేకపోయాను. ఆయన మీ పత్రిక చదువుతారనే నమ్మకంతో ఇక్కడ చెప్తున్నాను.

జరిగింది ఇది. వాళ్లబ్బాయి బంతి పట్టుకుని పరిగెడుతుంటే 30 యార్డుల గీత దగ్గర అవతలి జట్టు డిఫెండర్ (ఆపే ఆటగాడు) వాడి కాళ్లు పట్టుకోవడానికి బాగా వంగాడు, అబ్బాయి మోకాళ్లు పైకి లాక్కుని అతని మీదుగా దూకేసి నేరుగా మైదానం చివర పాయింట్లు వచ్చే చోటైన ఎండ్‌జోన్‌లోకి వెళ్లిపోయాడు. చూడటానికి అద్భుతంగా ఉంది, నాకూ తెలుసు. ఫ్లాగ్ వేశాను. తప్పు జరిగిన చోటు నుంచి 15 యార్డులు వెనక్కి, అంటే 45కి, టచ్‌డౌన్, అంటే ఎండ్‌జోన్ చేరినందుకు వచ్చే పాయింట్లు, పోయింది.

చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆట నడిచే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ ఆటలకి రూల్స్ రాసే జాతీయ సంఘం) రూల్ ప్రకారం, ఎదుటివాడి పాదాలు తప్ప ఒంట్లో ఇంకేదీ నేలకి తగలనప్పుడు పాదాలో మోకాళ్లో ముందుకు పెట్టి అతని మీదుగా దూకబోవడమే హర్డిల్. దూకబోవడం చాలు, పూర్తిగా దాటకుండా గుద్దుకున్నా తప్పే. డిఫెండర్ ఎంత వంగాడన్నది లెక్కలోకి రాదు, నడుము విరిగేలా వంగినా పాదాల మీదే ఉంటే అతను నిలబడి ఉన్నట్టే. అదే ఒక మోకాలో అరచెయ్యో కింద ఆనితే ఎంచక్కా దూకొచ్చు. తల ముందుకు పెట్టి డైవ్ చేసినా, అతని మీదుగా కాకుండా పక్క నుంచి గెంతినా హర్డిల్ కాదు. కాలేజీలో, ఆదివారాలు టీవీలో వచ్చే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఉన్నవాడికి ఈ అడ్డు లేదు, టెక్సాస్‌లో హైస్కూళ్లు కూడా కాలేజీ రూల్స్‌నే ఆధారం చేసుకుని ఆడతాయి కాబట్టి అక్కడ ఇదే దూకు టచ్‌డౌన్ అయ్యేది. ఆయన గందరగోళం నాకు అర్థమైంది.

అంతకు రెండు వారాల ముందు అచ్చం ఇలాంటి దూకే ఇంకో మ్యాచ్‌లో వచ్చింది. అప్పుడు ఫ్లాగ్ వెయ్యలేదు. డిఫెండర్ ముందుకు తూలిపోతూ ఎడమచేత్తో ఆపుకున్నాడు, రన్నర్ ఎగిరే సమయానికి అతని వేళ్లు గడ్డిలో గుచ్చుకుని ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. డిఫెండర్ జట్టు కోచ్ చాలాసేపు అరిచాడు. ఈ పనిలో కష్టం అదే, స్టేడియం మొత్తం పైకెగిరిన కుర్రాణ్ణి చూస్తుంటే మేం మాత్రం కిందున్నవాడి చేతుల మీద నుంచి చూపు తిప్పకూడదు, పైగా మాకు రీప్లే లేదు. చేతులు కనపడకపోతే ఊహించి ఫ్లాగ్ వెయ్యకూడదనేది నా పద్ధతి.

ఈ రూల్ తీసెయ్యమనే వాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఒకసారి రన్నర్ గాల్లో ఉండగా డిఫెండర్ నిటారుగా లేచాడు, పిల్లాడి కాళ్లు అతని భుజానికి తట్టుకుని గిర్రున తిరిగి మెడ మీద పడ్డాడు. పదహారేళ్లు ఉంటాయేమో. కొన్ని నిమిషాలు కదల్లేదు, తర్వాత నడిచే వెళ్లాడు కానీ ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. కిందున్నవాడి ముఖానికి మోకాలు తగలడమైతే ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

ఆయన ఫోన్‌లో వీడియో ఉందన్నారు. అయ్యా, మీ అబ్బాయి కాళ్లు నేల వదిలిన చోట దాన్ని ఆపి, మీవాణ్ణి కాకుండా ఆ డిఫెండర్ చేతుల్నీ మోకాళ్లనీ చూడండి. ఏ ఒక్కటి నేల మీద కనపడినా తప్పు నాదే.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అఫీషియల్, ఒహాయో