ఆ తొందర ఖరీదు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో అమెరికాలోని హూవర్ డ్యామ్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. వాళ్లు గడువు కన్నా రెండేళ్ల ముందే డ్యామ్ కట్టేశారు, మన ప్రాజెక్టులు మాత్రం తరాలు మారినా తెమలవు అన్నది దాని సారం. రెండో మాటతో నాకు పేచీ లేదు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన వాడిని, శంకుస్థాపన రాళ్ల మీద అక్షరాలు చెరిగిపోవడం కళ్లారా చూశాను. పేచీ అంతా మొదటి మాటతోనే. ఆ రెండేళ్లు ఎలా మిగిలాయో వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

1931లో పని మొదలయ్యేనాటికి అమెరికా మహా మాంద్యంలో కూరుకుపోయి ఉంది. కొలరాడో నది మీద డ్యామ్ కడుతున్నారని తెలిసి వేల మంది పెళ్లాం బిడ్డలతో లాస్‌వేగాస్ దారి పట్టారు. అప్పటికి అది ఐదు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. నిజానికి కార్మికుల కోసం ముందు బౌల్డర్ సిటీ అనే పట్నం కట్టి, ఆ తర్వాతే డ్యామ్ జోలికి వెళ్లాలనుకున్నారు. నిరుద్యోగం చూసి ప్రభుత్వం తొందరపెట్టింది. ఇళ్లు లేకుండానే పని మొదలైంది. కుటుంబాలు నది ఒడ్డున గుడారాల్లో, అట్టపెట్టెల చాటున కాపురం పెట్టాయి. తాగడానికి ఆ నదిలోని బురద నీళ్లే.

ఆ వేసవిలో అక్కడ పగటి ఎండ సగటున 120 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో దాదాపు 49. జూన్ 25 నుంచి జులై 26 లోపు కార్మికులు, ఒడ్డున ఉంటున్నవారు కలిపి 16 మంది వడదెబ్బకు పోయారు. మూడు షిఫ్టుల పని, వారానికి ఏడు రోజులు. ఏడాదిలో సెలవులు రెండే: క్రిస్మస్, జులై 4. కూలి గంటకు 50 సెంట్ల నుంచి ఒకటింబావు డాలరు దాకా ఉండేది. ఆ కాలానికి అది మంచి కూలే, కాదనను. కానీ గేటు బయట అంతమంది ఎదురుచూస్తుంటే లోపలివాడు ఏ మేస్త్రిని ఎదిరించగలడు?

ఎదిరించారు కూడా. 1931 ఆగస్టు 7న సొరంగం కూలీల్లో కొందరికి కూలి తగ్గించగానే సమ్మెకు దిగారు. అడిగినవాటిలో చల్లటి మంచినీళ్లు, మరుగుదొడ్లు, గనుల చట్టం ప్రకారం భద్రత ఉన్నాయి. పనుల సూపరింటెండెంట్ ఫ్రాంక్ క్రో ఒక్కటీ ఒప్పుకోలేదు. వారం పదిరోజుల్లో సమ్మె విరిగింది. ఇకపై కూలి తగ్గించం అన్న హామీ మాత్రం దక్కింది. తర్వాత బౌల్డర్ సిటీలో ఇళ్లు లేచాయి, మంచినీళ్లు వచ్చాయి, మనుషులు రాత్రిపూట నిద్రపోగలిగారు. 1932 వేసవిలో హార్వర్డ్ పరిశోధకులు వచ్చి ఎండలో పనిచేసే ఒంటికి నీళ్లతోపాటు ఉప్పు ఎంత అవసరమో తేల్చారు. ఉప్పేసిన మజ్జిగ తాగి పొలానికి వెళ్లే మన రైతుకు ఇదేం కొత్త సంగతి కాదు. ఆ 16 ప్రాణాలు తీసింది ఎండ అని సరిపెట్టుకోవచ్చు. నేను మాత్రం ముందే కట్టవలసి ఉండీ కట్టని ఇళ్లు, ముందే తేవలసి ఉండీ తేని నీళ్లు తీశాయంటాను.

ఇక సొరంగాలు. నదిని పక్కకు మళ్లించడానికి కొండలో 56 అడుగుల వెడల్పున నాలుగు సొరంగాలు తొలిచారు. గడువు 1933 అక్టోబరు 1. దాటితే రోజుకు 3,000 డాలర్ల జరిమానా. నది 1932 నవంబరులోనే మళ్లింది. మీరు మెచ్చుకున్న రెండేళ్లలో దాదాపు ఒక ఏడాది ఇక్కడే ఆదా అయిందన్నమాట. దాని వెనుక డ్రిల్లింగ్‌లో వాళ్ల తెలివీ ఉంది, సొరంగం లోపలికి నేరుగా నడిపిన పెట్రోలు లారీలూ ఉన్నాయి. భూగర్భంలో పెట్రోలు ఇంజన్లు వాడరాదని డ్యామ్ ఉన్న నెవాడా రాష్ట్రపు అప్పటి గనుల చట్టం చెప్పేది. కాంట్రాక్టు పొందిన సిక్స్ కంపెనీస్ కోర్టుకు వెళ్లి ఆ చట్టం తమకు అడ్డు రాకుండా చూసుకుంది. లోపల కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పడిపోయిన వాళ్లను ఆసుపత్రికి మోస్తే, చనిపోయిన వారి కాగితంలో న్యుమోనియా అని రాశారన్నది కార్మికుల ఆరోపణ. అలా 42 మంది న్యుమోనియాతో పోయినట్టు లెక్క ఉంది. అదే కాలంలో డ్యామ్ పనికి వెళ్లని బౌల్డర్ సిటీ వాసుల్లో ఒక్కరూ ఆ జబ్బుతో పోలేదు! కార్మికులు వేసిన దావాలను కంపెనీ చివరికి 1936లో కోర్టు బయట రాజీ చేసుకుంది. ఎంత ఇచ్చిందో బయటపెట్టలేదు.

డ్యామ్ కట్టించిన అమెరికా కేంద్ర ప్రభుత్వ శాఖ చెప్పే మృతుల సంఖ్య 96. మునిగిపోయినవారు, డైనమైటు పేలుళ్లలో పోయినవారు, బండరాళ్లు మీద పడినవారు, లోయ గోడల మీద నుంచి జారినవారు ఇందులో ఉన్నారు. ఎండ, న్యుమోనియా, గుండెజబ్బు వల్ల పోయినవారు ఈ లెక్కలో లేరని ఆ శాఖే రాసుకుంది. కాంక్రీటులో శవాలున్నాయని యూట్యూబ్‌లో ఊదరగొట్టే వాళ్లకు దీని మీద ఆసక్తి ఉండదు. ఒక్కో విడతలో కాంక్రీటు మట్టం కొన్ని అంగుళాలే పెరిగేది, మనిషి అందులో మునిగే వీలే లేదు. ఆ కట్టుకథ చెప్పుకుంటూ లెక్కకెక్కని చావులను మర్చిపోతున్నాం.

ఇంకొక్క మాట. కాంట్రాక్టులో చైనా సంతతి కూలీలను పెట్టుకోరాదని రాసుకున్నారు. వేల మంది పనివాళ్లలో నల్లజాతివారు ఏనాడూ 30 మందికి మించలేదు. వారికి బౌల్డర్ సిటీలో ఇల్లు ఇవ్వలేదు. పనిలోకి వేరే బస్సు, తాగడానికి వేరే నీళ్ల బకెట్టు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదంతా మన పాఠకులకు ఎందుకంటారా? దేశంలో డ్యామ్ ఎక్కడ కడుతున్నా పాలమూరు లేబర్ ఉండేవారని ఒకప్పుడు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు మన పనుల్లో జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కూలీలు ఉంటున్నారు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలిపోయి ఎనిమిది మంది చిక్కుకుపోతే వారిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. నేను పనిచేసిన ఒక కాలువ పనిలో మే నెల మిట్టమధ్యాహ్నం తట్ట మోస్తున్న ఒక కూలీ కూలబడి, సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు. ప్రమాదాల రిజిస్టరులో ఆ రోజు గడి ఖాళీగానే ఉంది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో మాత్రం అతని పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన 'అనారోగ్యం' అన్న మాట. కాంట్రాక్టరు దృష్టిలో అది పనిలో జరిగిన చావు కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామంది. మంచిదే. అయితే అది ప్రజల డబ్బు. పని వేళలు మార్చకుండా, నీడ, నీళ్లు పెట్టకుండా గడువు కోసం మనుషులను ఎండలో నిలబెట్టిన కాంట్రాక్టరుకు దానివల్ల పైసా నష్టం లేదు. పనిస్థలంలో వడదెబ్బ తగిలి పోతే దాన్ని పని ప్రమాదంగానే రిజిస్టరులో రాయాలి, పరిహారం కాంట్రాక్టరు బిల్లులోంచే కోయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ నిబంధన టెండరు పత్రంలోనే ఉండాలి.

మీ వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం అన్నారు. అందులో మన ప్రాజెక్టుల జాప్యం గురించి రాస్తారట, తప్పక రాయండి. ఎన్ని శాతం పనులయ్యాయో, ఎన్ని వేల కోట్లు ఖర్చయ్యాయో చెప్పే పట్టిక ఎలాగూ వేస్తారు. దానికి ఇంకో గడి కలపండి: ఆ పనిలో ఎంతమంది చనిపోయారు, వారిలో ఎంతమంది ఆసుపత్రిలో పోయారు. సంబంధిత శాఖలకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే ఆ సంగతీ అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
మిర్యాలగూడ