ప్రతి యుద్ధనౌకా బ్యాటిల్‌షిప్ కాదు

సంపాదకులకు నమస్కారం.

వార్తల్లో ఏ యుద్ధనౌక కనిపించినా బ్యాటిల్‌షిప్ అని రాసేస్తున్నారు. దయచేసి ఈ పొరపాటు సరిదిద్దండి. బ్యాటిల్‌షిప్ అంటే మందపాటి ఉక్కు కవచం, భారీ ఫిరంగులు ఉన్న ప్రత్యేకమైన నౌక. ఇప్పుడు ఏ దేశ నౌకాదళంలోనూ అవి సేవలో లేవు.

1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే బ్యాటిల్‌షిప్‌ను రంగంలోకి దించింది. 12 అంగుళాల ఫిరంగులు పది, ఆవిరి టర్బైన్లతో 21 నాట్ల (గంటకు సుమారు 39 కిలోమీటర్ల) వేగం. దాని ముందు పాత నౌకలన్నీ ఒక్కసారిగా వెలవెలబోయాయి, బ్రిటన్ సొంత నౌకలతో సహా. జర్మనీతో పోటీ మరింత ముదిరింది. ఇంత ఖర్చుపెట్టి కట్టినా, రెండు దేశాల నౌకాదళాలూ పూర్తి బలంతో తలపడింది 1916లో డెన్మార్క్ తీరంలోని జట్లాండ్ దగ్గర ఒక్కసారే. అందులోనూ గెలుపెవరిదో తేలలేదు.

బ్యాటిల్‌షిప్‌లను దెబ్బతీసింది విమానం. ఫిరంగి గుండు మహా అయితే సుమారు 40 కిలోమీటర్లు వెళ్తుంది, విమానం వందల కిలోమీటర్ల నుంచి వచ్చి నీటిలో దూసుకెళ్లి నౌకను పేల్చే టార్పెడో వేస్తుంది. 1941 డిసెంబర్ 10న మలయా తీరంలో బ్రిటన్ కొత్త బ్యాటిల్‌షిప్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ను, వెంట ఉన్న బ్యాటిల్‌క్రూయిజర్ (కవచం తక్కువ, వేగం ఎక్కువ ఉన్న నౌక) రిపల్స్‌ను జపాన్ విమానాలే ముంచాయి. అది చేసి చూపించిన జపానే 1945 ఏప్రిల్ 6న తన బ్యాటిల్‌షిప్ యమాటోను, విమానాల రక్షణ లేకుండా ఒకినావా వైపు పంపింది. 46 సెంటీమీటర్ల ఫిరంగులున్న ఆ నౌకతో పాటు దాదాపు 3 వేల మంది నావికులు పోయారు. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. చివరగా మిగిలిన అమెరికా బ్యాటిల్‌షిప్ మిస్సోరీ 1992లో సేవ నుంచి విరమించింది.

మీరు ఫ్రిగేట్‌ను ఫ్రిగేట్ అని, డిస్ట్రాయర్‌ను డిస్ట్రాయర్ అని రాయండి. తేడా తెలియనప్పుడు యుద్ధనౌక అంటే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు