ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారములు.

మన పట్టణంలో ఏ భూమిని దేనికి వాడాలో, రోడ్లు ఎక్కడ రావాలో చెప్పే ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరాలు తెలపాలని ప్రకటన ఇచ్చారు, సంతోషం. కానీ కార్యాలయం గోడకు అంటించిన పటంలో సర్వే నంబర్లు భూతద్దం పెట్టినా కనిపించవు. జోన్ల వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తన పొలం మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారో, దానికి పారిశ్రామిక జోన్ రంగు వేశారో తెలియని రైతు దేనిపై అభ్యంతరం చెప్పాలి?

తమ పొలాలను పారిశ్రామిక, గ్రీన్ జోన్లలో చేర్చారని 2023 జనవరిలో కామారెడ్డి రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించాక గానీ, అక్కడి ముసాయిదాను రద్దు చేయాలని పురపాలక సంఘం తీర్మానించలేదు. ముందే అందరికీ అర్థమయ్యేలా చెప్పివుంటే వ్యవహారం అంతదూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

అందుచేత వార్డువారీగా సభలు జరిపి, సర్వే నంబర్లతో తెలుగు జాబితాలు ప్రజలకు అందుబాటులో ఉంచి, ఆ తర్వాతే అభ్యంతరాల గడువు లెక్కించాలని కోరుతున్నాను. ప్రతి అభ్యంతరాన్నీ ఏ కారణంతో అంగీకరించారో, తిరస్కరించారో రాతపూర్వకంగా తెలపాలి. రసీదు ముద్ర వేసి ఫైల్లో పెట్టేయడం విచారణ అనిపించుకోదు. భూ వినియోగ మార్పిడి దరఖాస్తుల విషయంలోనూ, పత్రికలో ఓ మూలన ప్రకటనతో సరిపెట్టకుండా, ఆ స్థలం దగ్గరే బోర్డు పెట్టించండి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు