మూడు పిన్నుల కనెక్టర్ పంపిన పెద్దాయనకి కృతజ్ఞతలు

రికార్డింగ్ అయిపోయింది. టేపు బాగా వచ్చింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, వేళ్ళకి సోల్డర్ వాసన ఇంకా పోలేదు. అయినా పడుకునే ముందే ఇది రాసేయాలనిపించింది. రేపు రాద్దాంలే అనుకుంటే ఇప్పుడున్న ఈ తడి ఆరిపోతుందేమోనని భయం.

విషయం తెలియనివాళ్ళకి కాస్త చెప్తాను. మా మేనమామ సౌండ్ రికార్డిస్టు. ఆయన పోయాక ఆయన సామాను నా దగ్గరికి వచ్చింది: ఒక నాగ్రా 4.2 టేప్ రికార్డర్, ఒక సెన్‌హైజర్ ఎంకేహెచ్ 415టీ మైక్, ఒక సంచి నిండా కేబుళ్ళు. నాగ్రా అంటే స్టెఫాన్ కుడెల్స్కీ 1951లో స్విట్జర్లాండ్‌లో మొదలుపెట్టిన మెషీన్ల వరస. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు సినిమా షూటింగుల్లో, రేడియో వాళ్ళ భుజాల మీద కనిపించింది ఇవే. 12 పెద్ద సెల్స్ వేసి మీట తిప్పితే మా మెషీన్ ఇప్పటికీ తడబడకుండా తిరుగుతుంది. మైక్ కూడా పాడవలేదు. పాడైందల్లా ఆ రెండింటినీ కలిపే కేబుల్ చివర, మైక్ వైపు ఉండే కనెక్టర్ ఒక్కటే. దాని మర రింగు పగిలిపోయింది. లోపల ఒక కాంటాక్టు వదులైపోయి, కేబుల్ కదిలినప్పుడల్లా చిటపటమని శబ్దం.

మామయ్య అప్పట్లో ఇదే మైక్‌తో, ఇదే మెషీన్ మీద ఒక పెద్దావిడ పాటలు రికార్డు చేశారు. ఇప్పుడు ఆవిడ మంచం మీద ఉన్నారు. ఒళ్ళు నీరసించినా గొంతు మాత్రం పోలేదు. వాళ్ళమ్మాయి నన్ను అడిగింది, "ఆ పాత మెషీన్‌తోనే అమ్మ పాట ఇంకొక్కసారి తీయగలరా?" అని. తీస్తానని మాటిచ్చాను. ఆ తర్వాత పడ్డ టెన్షన్ అంతా ఈ బొటనవేలంత కనెక్టర్ గురించే.

వెతకడం మొదలుపెడితే అర్థమైంది, దీనికి ఉన్నన్ని పేర్లు మనుషులకి కూడా ఉండవు. పాత రికార్డిస్టులు దీన్ని టూకెల్ అంటారు. టూకెల్ అనేది జర్మనీలోని కంపెనీ పేరు, అది తర్వాత ఆంఫినాల్‌లో కలిసిపోయింది. టూకెల్‌లో మళ్ళీ పెద్ద టూకెల్, చిన్న టూకెల్ అని రెండు సైజులు. చిన్నదాన్ని కొందరు లాకింగ్ డిన్ అంటారు (డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ). ఇప్పటి కేటలాగుల్లో అది ఎం16 సర్క్యులర్ కనెక్టర్ అనే పేరుతో ఉంటుంది. టూకెల్ అని వెతికితే దొరకదు, ఎం16 అని వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఒక అమ్మకందారుకి ఫోటో, కొలతలు అన్నీ పంపించి, అదే కావాలని అడిగి మరీ ఆర్డర్ ఇచ్చాను. వచ్చింది మామూలు మూడు పిన్నుల డిన్ ప్లగ్గు. దానికి మర రింగే లేదు. ఇంకో చోట రింగు సరిగ్గానే ఉంది కానీ లోపల రంధ్రాలు ఉండాల్సిన చోట పిన్నులున్నాయి. మైక్‌కే పిన్నులుంటే కేబుల్‌కి కూడా పిన్నులెందుకు? తిప్పి పంపుతానంటే "ప్యాకెట్ తెరిచారు కాబట్టి తీసుకోం" అన్నారు. సరైన వస్తువు ఉన్న పెద్ద పంపిణీదారు ఒకటీ రెండూ అమ్మరట. కంపెనీ పేరు మీద ఖాతా ఉండాలి, కనీసం ఇంత అని ఆర్డర్ ఉండాలి, వారాల తరబడి ఆగాలి. సర్వీస్ సెంటర్‌లో ఒకాయన మైక్ వైపు చూడను కూడా చూడకుండా "ఇదంతా పక్కన పడేసి కొత్తది కొనుక్కోండి" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఆ పిన్నుల అమరిక ఎప్పుడో దశాబ్దాల కిందట ప్రమాణంగా రాసిపెట్టినదే. డిన్ 41524 అని దానికి నంబరు కూడా ఉంది. అయినా ఆ కాగితం చూడాలంటే డబ్బు కట్టి కొనుక్కోవాలి. పాత మెషీన్లకి సర్క్యూట్ బొమ్మలతో సహా సర్వీస్ మాన్యువల్ ఉండేది, విప్పి బాగు చేసుకోవడానికే తయారు చేసేవాళ్ళు. అలాంటి వస్తువు ఇవాళ ఒక చిన్న రింగు దొరక్క మూలన పడుతోందంటే తప్పు వస్తువుది ఎలా అవుతుంది?

ఇక ఆ పెద్దాయన గురించి.

తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఈమెయిల్ అడ్రసు దొరికింది. ఆయన రిటైరైన సౌండ్ ఇంజనీరని తప్ప ఇంకేమీ తెలియదు. వేరే దేశం, వేరే భాష, నా ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆశ లేకుండానే రాశాను. గంటలోపే జవాబు వచ్చింది. అప్పుడు ఆయన ఉండే చోట అర్ధరాత్రి దాటిందని తర్వాత తెలిసింది.

మొదటి జవాబులో ఓదార్పు మాటలేవీ లేవు, అన్నీ ప్రశ్నలే. మర బయటి కొలత ఎంత? మైక్ మీద టీ అని ఉందా, పీ అని ఉందా (మైక్‌కి కరెంటు అందించే రెండు పద్ధతులకి గుర్తులివి)? మెషీన్ వైపు ఉన్నది ఎక్స్‌ఎల్‌ఆరేనా (ఇప్పటి మైకులకి మామూలుగా వాడే మూడు పిన్నుల కనెక్టర్)? వెర్నియర్‌తో కొలిచి 16 మిల్లీమీటర్లని రాశాను. "అయితే మీకు కావాల్సింది చిన్న టూకెల్, పెద్దది కానే కాదు" అని, వెంటనే ఒక హెచ్చరిక కూడా రాశారు. నాకు అది ప్రాణదానం లాంటిది, అందుకే వివరంగా చెప్తాను.

చిన్న టూకెల్‌లో గ్రౌండ్ 2వ పిన్ను. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో గ్రౌండ్ 1వ పిన్ను. ఒకటికి ఒకటి, రెండుకి రెండు అని కలిపేస్తే మొత్తం తారుమారైపోతుంది. పైగా ఈ మైక్ నడిచేది టీ పవర్ మీద, అంటే 12 వోల్టులు రెండు సిగ్నల్ తీగల మధ్యే ఉంటాయి. ఇప్పటి మైకులకిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌లో రెండు తీగల మీదా ఒకే వోల్టేజీ ఉండి, కరెంటు షీల్డ్ ద్వారా, అంటే ఆ తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు ద్వారా తిరిగి వెళ్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే మైక్ పాడయ్యే ప్రమాదం ఉంది. కొన్ని పాత సెట్లలో టీ పవర్ ప్లస్సు, మైనస్సు కూడా అటుదిటు ఉంటాయట. "మైక్ తగిలించకుండా ముందు మీటర్ పెట్టి చూడండి, ఆ రీడింగు నాకు పంపండి, నేను సరే అన్నాకే తగిలించండి" అని రాశారు. సొంతవాళ్ళ వస్తువు గురించి చెప్పినంత జాగ్రత్తగా చెప్పారు.

కనెక్టర్ దొరకడం లేదని, పెద్దావిడ ఆరోగ్యం బాగాలేదని తర్వాతి మెయిల్‌లో రాశాను. దానికి "ఒకటి పంపిస్తున్నాను" అని ఒక్క వాక్యం జవాబు. ఖరీదెంతో చెప్పమంటే ఆ ప్రశ్నని పట్టించుకోలేదు.

ఆ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది. ఇన్వాయిస్ కావాలన్నారు. ఎవరో ప్రేమతో ఇచ్చినదానికి ఇన్వాయిస్ ఎక్కడినుంచి తేవాలి? విలువ రాయమన్నారు. ఏమని రాయను? కాగితాల మీద కాగితాలు పంపిస్తూ, అవతల పెద్దావిడ ఎలా ఉన్నారోనని రోజూ ఫోన్ చేస్తూ నలిగిపోయాను. చివరికి వదిలారు.

డబ్బా తెరిచి చూస్తే అందులో ఉన్నది కొత్త కనెక్టర్ కాదు. వాడిన కనెక్టర్. వెనక జానెడు కేబుల్ కూడా ఉంది, కొసన శుభ్రంగా కత్తిరించిన గుర్తు. కేబుల్ చుట్టూ పసుపుపచ్చ టేపు, దాని మీద నల్ల సిరాతో "బూమ్ 2" అని రాసి ఉంది, సిరా సగం చెరిగిపోయింది. బూమ్ అంటే చివర మైక్ తగిలించి పట్టుకునే పొడవాటి కర్ర. ఆయన తన సొంత బూమ్ కేబుల్ కోసి పంపారు. ఎన్ని షూటింగులకి మోసుకెళ్ళిన కేబులో అది. తన చేతిరాత ఉన్న ముక్కని కూడా తీసేయకుండా, షీల్డ్ ఏ పిన్నుకి వెళ్తోందో నాకు కనబడాలని అలాగే ఉంచారు. దాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చేశాను. నిజంగా చెప్తున్నాను, మామయ్య పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

కూడా ఒక కాగితం. పిన్నుల బొమ్మ రెండుసార్లు గీశారు: ఎదుటి నుంచి చూస్తే ఇలా, సోల్డర్ చేసే వైపు నుంచి చూస్తే ఇలా. ఈ రెండూ అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి. దొరికే బొమ్మల్లో చాలావాటి మీద ఏ వైపు నుంచి చూసి గీశారో రాసే ఉండదు. కింద సూచనలు. రింగు, తొడుగు ముందే తీగకి ఎక్కించుకోండి, సోల్డర్ అయ్యాక ఎక్కవు. సోల్డర్ చేసేటప్పుడు పాతదో, పనికిరానిదో జత ప్లగ్గు ఎదురుగా గుచ్చి ఉంచండి, వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడినా కాంటాక్టులు పక్కకి ఒరగవు. కాంటాక్టులని ఇసక కాగితంతో రుద్దొద్దు, పూత పోతుంది, ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. పొరపాటున వచ్చిందని నేను తిట్టుకున్న ఆ పిన్నుల ప్లగ్గే సోల్డరింగ్‌కి జతగా పనికొచ్చింది.

కేబుల్ తయారయ్యాక మీటర్ పెట్టి చూశాను. ఎక్స్‌ఎల్‌ఆర్ 1 నుంచి చిన్న టూకెల్ 2కి బీప్. మిగతా రెండూ వేటికవే, ఎక్కడా షార్ట్ లేదు. టీ పవర్ రీడింగు కూడా ఆయనకి పంపాను. "సరే, ఇక తగిలించండి" అని వచ్చాకే మైక్‌కి పెట్టి రింగు తిప్పాను. మర ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా ఎక్కి బిగుసుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కేబుల్ ఊపి చూశాను. చిటపట లేదు. గదిలో ఫ్యాను తిరిగే శబ్దం, బయట ఎవరో మాట్లాడుకుంటున్న శబ్దం, అంతే.

పెద్దావిడ పాడారు. మధ్యలో ఆయాసపడ్డారు, ఆగారు, మళ్ళీ అందుకున్నారు. సెకనుకి 19 సెంటీమీటర్ల వేగంతో టేపు తిరుగుతున్నంతసేపూ మీటరు ముల్లు మీంచి చూపు తిప్పలేదు. పాట అయ్యాక ఆవిడ మైక్ వంక చూసి "ఇది నాకు తెలుసు" అన్నారు. ఆ మాట కూడా టేపులో ఉంది. కాపీ చేసి ఆ పెద్దాయనకి పంపించాను. భాష తెలియకపోయినా రెండుసార్లు విన్నానని రాశారు. అయ్యా, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీ బూమ్ 2 మా ఇంట్లో భద్రంగా ఉంటుంది. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

మా ఆవిడ, పిల్లలు, తమ్ముడు ఎప్పట్లాగే తోడున్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పోస్టు ముగించేశాక గుర్తొచ్చింది, ఎం16 అని వెతకమని ఆంఫినాల్, బైండర్ అనే కనెక్టర్ల కంపెనీల కేటలాగుల పేజీలు పంపింది నా పాత సహోద్యోగి. సోల్డరింగ్ ఐరన్ అప్పిచ్చిన పక్కింటి అబ్బాయికి కూడా థాంక్స్, రేపు తిరిగిచ్చేస్తాను. కస్టమ్స్‌లో ఫోన్ పెట్టేయకుండా ఏ ఫారం నింపాలో ఓపిగ్గా చెప్పిన అమ్మాయి ఒకరున్నారు, పేరు అడగడం మర్చిపోయాను. అన్నట్టు పెద్దావిడ వాళ్ళమ్మాయి గురించి చెప్పనే లేదు. రికార్డింగ్ అవుతున్నంతసేపూ ఫ్యాను ఆపేసి, చప్పుడు లేకుండా అమ్మకి విసనకర్రతో విసిరింది ఆవిడే.