మంత్రి గారూ, లైఫ్ జాకెట్ ఇచ్చారు సరే, కట్టుకోవడం ఎవరు నేర్పుతారండి?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది రాజమండ్రి. పోయిన కార్తీక మాసంలో మా ఇంట్లోవాళ్లం, పక్కింటివాళ్లు కలిసి పదకొండు మందిమి బోటెక్కాం. ఎక్కగానే ఒక కుర్రాడు లైఫ్ జాకెట్లు పంచాడు, మెళ్లో వేసుకుని ఫోటోలు దిగాం, ఉక్కపోస్తోందని పావుగంటలో తీసి కుర్చీలకి తగిలించేశాం, ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తయ్య అయితే తన జాకెట్‌ని పిల్లాడి తల కింద దిండుగా పెట్టేసింది. ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదులెండి, అది ఎలా బిగించుకోవాలో మాకూ తెలీదు, అతనికీ ఎవరూ చెప్పినట్టు లేదు.

కచ్చులూరు మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15, గోదారి ఎర్రనీళ్లతో పోటెత్తి ఉంది, బోటు సుడిలో తిరగబడింది, 51 మంది ఇంటికి రాలేదు. అంతకు రెండేళ్ల ముందు 2017 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు, అదీ కార్తీక మాసమే. ఆ తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములొచ్చాయి, కేంద్రం 2021లో నదుల్లో, కాలువల్లో తిరిగే బోట్ల కోసం ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది, మంచిదే. కానీ అదంతా బోటుకి, బోటు నడిపే సరంగుకి. సరదాగా ఎక్కేవాళ్లకి, గంటకింత అని కాయక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అద్దెకి తీసుకునేవాళ్లకి, నాటు పడవ మాట్లాడుకుని లంకల్లోకి ఫోటోషూట్‌కి పోయే కుర్రాళ్లకి ఎవరు చెప్తున్నారండి?

చెప్పాల్సింది కొండంత కూడా కాదు. పాపికొండలు కనిపించాయని అందరూ ఒకే పక్కకి పరిగెత్తి సెల్ఫీలు తీసుకుంటే, అందులోనూ పై డెక్ మీద జనం ఎక్కువుంటే, బోటు ఒరిగిపోతుంది. కాయక్ తిరగబడితే ఒడ్డు దగ్గరే కదా అని ఈత కొట్టకుండా దాన్నే పట్టుకుని ఉండాలి, అది తేలుతుంది, మనిషి అలిసిపోతాడు. స్పీడ్ బోటులో ఇంజన్ ఆపే తాడు ఒకటుంటుంది, అది నడిపేవాడి చేతికి తగిలించి ఉండాలి, వాడు నీళ్లలో పడితే ఇంజన్ ఆగిపోవడానికి. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు ఎగువన ఎంత దూరంలో ఆగాలి, తెడ్డు ఎలా పట్టాలి, ఇవన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. పడవని కట్టేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే, 2024 వరదల్లో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దడం చూశాం కదా (దాని మీద జరిగిన రాజకీయ గొడవ నాకొద్దు).

కెనడాలో ఉన్న మా పిన్ని కొడుకు చెరువులో చిన్న మోటారు బోటు నడపడానికి పరీక్ష రాసి కార్డు తెచ్చుకున్నాడు. మన దగ్గర నేర్చుకుందామంటే గోవాలో కేంద్రం వాళ్ల వాటర్ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి. గోదారి ఒడ్డున ఉన్నోడు పడవ నేర్చుకోవడానికి గోవా వెళ్లాలా అండి?

మాస్టార్ల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. కచ్చులూరు రోజు బతికిన 26 మందిని ముందుగా లాగింది తూటుగుంట ఊరివాళ్లు, వాళ్ల సొంత పడవలేసుకుని. మునిగిన బోటుని 38వ రోజున పైకి తీసింది కాకినాడ నుంచొచ్చిన ధర్మాడి సత్యం టీమ్. నీళ్ల సంగతి తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు, వాళ్లకి జీతమిచ్చి రేవులో ఆదివారం ఆదివారం క్లాసు పెట్టించండి, గోవా వాళ్లని ఒకసారి పిలిచి సర్టిఫికెట్ సంగతి చూడమనండి. మోటారు బోటు, కాయక్ సొంతంగా నడిపేవాడికి ఆ క్లాసు తప్పనిసరి చేయండి, ఊరికే ఎక్కేవాళ్లకి బోటు కదిలేముందు పది నిమిషాలు తెలుగులో చెప్పించండి, రికార్డు చేసిన వాయిస్ కాదు, మనిషి నిలబడి జాకెట్ కట్టి చూపించాలి.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి, అప్పుడు జనం ఎంతమంది వస్తారో మీకే బాగా తెలుసు. ఈలోగా ఒక్క రేవులోనైనా మొదలెట్టండి. మొదటి బ్యాచ్‌లో నా పేరు, మా అత్తయ్య పేరు రాసుకోండి. గోదారి ఒడ్డున పుట్టాం గానీ ఇద్దరికీ ఈత రాదు.

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక ప్రయాణికుడు