ఇంగ్లీషు మాటలకు కట్టుకథలు అతికించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పిల్లల పేజీలో ఇంగ్లీషు మాటల పుట్టుక గురించి వేస్తున్న శీర్షికను మా ఇంట్లో పిల్లల కంటే ముందు పెద్దవాళ్లమే చదివేస్తాం. సిల్లీ అంటే ఒకప్పుడు దీవెనలు పొందినవాడనీ, నైస్ అంటే మొదట్లో తెలివితక్కువవాడనీ, గర్ల్ అనే మాట పాత రోజుల్లో మగపిల్లాడికి కూడా చెల్లేదనీ రాశారు. అవి మూడూ నిజమే, చదవడానికి బాగున్నాయి కూడా. కానీ ఈమధ్య వాట్సాప్‌లో తిరిగే సరుకంతా అందులోకి వచ్చి చేరుతోంది. గోల్ఫ్ అంటే 'జెంటిల్మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్' అట! న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలట! పేపర్లో వచ్చింది కదా అని పిల్లలు వీటిని నోట్సులో రాసుకుంటున్నారు, ఇక మనం కాదన్నా వినరు.

గోల్ఫ్ సంగతే చూడండి. 1457లో స్కాట్లండ్ పార్లమెంటు ఫుట్‌బాల్‌తో పాటు గోల్ఫ్‌ను కూడా నిషేధించింది. అందులో ఆడవాళ్ల ప్రసక్తే లేదు. జనం బాణాలు వేయడం నేర్చుకోకుండా ఈ ఆటల్లో పడిపోతే రేపు యుద్ధమొచ్చినప్పుడు ఎవడు పనికొస్తాడని అప్పటి రాజు రెండో జేమ్స్ బెంగ. నిషేధించేదాకా వచ్చిందంటే ఆ మాట అప్పటికే ఊరూరా పాకి ఉండాలి. డచ్చివాళ్లు బంతిని కొట్టే కర్రను కోల్ఫ్ అనేవాళ్లు, దాన్నుంచే వచ్చి ఉంటుందని చాలామంది పండితుల మాట.

న్యూస్ ఇంకా తేలిక. న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్త సంగతులు, అంతే. పాత రాతల్లో డబ్ల్యూకీ ఎస్‌కీ మధ్య ఇంకో ఈ కూడా పెట్టి రాసేవాళ్లు. మరి ఆ ఐదో అక్షరం ఏ దిక్కండీ?

అసలు మొదటి అక్షరాలు కూర్చి మాట తయారుచేయడం దాదాపుగా ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. రాడార్, లేజర్ అలా పుట్టినవే. అంతకంటే పాత మాటకు ఎవరైనా ఇలాంటి కథ చెబితే ముందు అనుమానించాలి. మినహాయింపులు లేవని కాదు. అందరికీ తెలిసిన పెద్ద మినహాయింపు ఓకే, అది పత్రికల పుణ్యమే! 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్లకు ఒక సరదా ఉండేది, మాటలను కావాలనే తప్పు స్పెల్లింగుతో అనుకుని వాటి పొడి అక్షరాలు మాత్రం అచ్చువేసి నవ్వుకునేవాళ్లు. ఆల్ కరెక్ట్ అనేదాన్ని ఓ, కే అక్షరాలతో మొదలయ్యేలా తప్పుగా రాస్తే ఓకే అయింది. బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో 1839 మార్చి 23న అచ్చయింది. అంటే 'అంతా కరెక్టే' అని చెప్పే మాటలో రెండు అక్షరాలూ తప్పే. అలాంటి జోకులు చాలా పుట్టి చాలా పోయాయి. ఇదొక్కటీ ఎలా బతికిందంటే, మరుసటి ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను ఆయన ఊరి పేరు మీద 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పిలుస్తూ ఆయన మనుషులు ఓకే క్లబ్ పెట్టి ఊదరగొట్టారు. అలెన్ వాకర్ రీడ్ అనే పరిశోధకుడు పాత పేపర్లు తిరగేసి 1960ల్లో ఈ లెక్క తేల్చాడు. పాత అచ్చు కాగితం చూపించి, తేదీ చెప్పి, ఇదిగో అనడమంటే ఇదీ.

మస్లిన్ అనే పల్చటి నూలు బట్ట పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కూడా వేశారు. తెలుగువాళ్లకు తియ్యగా ఉండే కథే, నేనూ కాదనలేక కాదంటున్నాను. ఆ పేరు ఇరాక్‌లోని మోసుల్ నగరానిది. మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడలకెక్కి దేశదేశాలకు వెళ్లాయి, ఆ గొప్ప చాలదా? ఇంగ్లీషుకు మనం నిజంగా ఇచ్చిన మాటలుండగా లేనివి ఎందుకు? బాండికూట్ మన పందికొక్కే, అనుమానం లేదు. ఆ పేరే శాస్త్రజ్ఞుల దగ్గర బాండికోటా అయింది, ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే ఒక జంతువుకు కూడా తగిలింది, దానికీ మన పందికొక్కుకూ చుట్టరికం లేకపోయినా. గోడౌన్ మలయ్ భాషలోని గుదాంగ్ మీదుగా ఇంగ్లీషులోకి చేరింది, ఆ గుదాంగ్‌కు మూలం మన గిడ్డంగి అనో, తమిళుల కిడంగు అనో నిఘంటువులు చెబుతాయి. ఇక గోల్కొండ! ఇంగ్లీషు నిఘంటువులో అది ఊరి పేరుగానే కాదు, తరగని సంపద అనే అర్థంతో మామూలు మాటగా కూడా ఉంది. ఇవి వేయండి, పిల్లలు ఎగిరి గంతేస్తారు.

వచ్చే వారం పాష్ గురించి అని కింద ప్రకటన వేశారు, అందుకే హడావుడిగా ఈ ఉత్తరం. ఇండియాకు వచ్చే ఓడల్లో తెల్లదొరలు ఎండ తగలని గదుల కోసం వెళ్లేటప్పుడు ఎడమవైపు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు తీసుకునేవాళ్లనీ, టికెట్ల మీద 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనేదాని మొదటి అక్షరాలు నాలుగూ ముద్ర వేసేవాళ్లనీ చెబుతారే, ఆ కథే అయితే దయచేసి ఆపండి. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఇంతవరకూ ఒక్కటీ బయటపడలేదు. వేసి తీరాలనుకుంటే 'పుట్టుక తెలియదు' అని ఒక్క ముక్క రాసి, ఆ మాట మొదట అచ్చులో కనబడిన సంవత్సరం పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ